ప్లస్ సీ మేష్టారికి కొసైన్ జవాబు

ఆదివారం మధ్యాహ్నం అరసవల్లి ఆడవాళ్ళందరికీ ఉచితంగా మాక్సీలు పంచుతారన్న వార్త పుట్టింది లెక్కల మేష్టారు కూర్మయ్యగారి భార్య జగ్గమ్మగారి చెవిలో, పెరిగింది ఆవిడ నోట్లో. పోయిన వారం మనం ఆగింది ఆ పెరటి గోడ దగ్గరే. గోడకి ఇవతల నిలబడి యమున ఎవరితోనో ఫోన్లో చెబుతోంది: “ఆదివారం అందరి ముందూ మాక్సిమా చూపిస్తానండి. ఫ్రీ సాఫ్ట్‌వేరే కదా, పైసా ఖర్చు లేదు.” గోడకి అవతల గుమ్మడి వడియాలు పెడుతున్న జగ్గమ్మగారికి ఫ్రీ అంటే ఏమిటో పుట్టుకతో తెలుసు. సాఫ్ట్ అన్న మాట చీరల కొట్లో విన్నారు. వేర్ అంటే వేసుకునేది. ఉచితం, మెత్తన, వేసుకునేది, పేరు మాక్సీ. కూడిక ఎక్కడా తప్పలేదు. మొత్తమే తప్పింది.

అందువల్ల కూర్మయ్య మేష్టారి ట్యుటోరియల్ హాల్లో ఆ ఆదివారం బెంచీలు చాల్లేదు. వెనక నాలుగు వరసలూ ఆడవాళ్ళే. కొలతలు ఇవ్వాల్సి వస్తుందేమోనని ఒకావిడ పాత మాక్సీ మడతపెట్టి సంచిలో తెచ్చుకుంది కూడా.

“ఏటమ్మా యమునా, ఇంతమందేటి?” అన్నారు మేష్టారు గుమ్మంలోనే ఆగి. “లెక్కల మీద అరసవల్లికి ఇంత పేమ ఎప్పుడొచ్చినాది?”

“నాకూ తెలీదు మేష్టారూ,” అంది యమున. నిజంగానే తెలీదు.

పందెం సంగతి మరిచిపోయిన వాళ్ళ కోసం ఒక్క మాట. యమున కళింగపట్నం వేపు చేపల వ్యాపారం చేసే సూరయ్య కూతురు. ఈ హాల్లోనే చదివి, ఎమ్మెస్సీ చేసి, ఈ హాల్లోనే పాఠం చెప్పాలని తిరిగొచ్చింది. విశాఖలో పెద్ద కాలేజీ ఒకటి రమ్మని పిలుస్తోంది, తనకేమో వెళ్ళాలని లేదు. ఎక్కడినుంచో పాత కంప్యూటర్లు తెచ్చి హాల్లో వరసగా పెట్టింది. ఎవరిచ్చారే అంటే తెలిసినవాళ్ళండీ అంటుంది తప్ప పేరు చెప్పదు. వాటితో కొత్త బ్యాచి మొదలెడతానంది. మేష్టారు ఒక షరతు పెట్టారు. తాను బోర్డు మీద ఒక లెక్క చేస్తారు, అదే లెక్క మిషను చెయ్యాలి, అందరూ చూడాలి. రెండూ ఒకటైతే కంప్యూటర్లు ఉంటాయి, యమునా ఉంటుంది. కాకపోతే అవి పాత సామాన్ల కొట్టుకి, ఆమె విశాఖ బస్సుకి.

అప్పటి సంగతులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. రెండువేల పన్నెండు అది. కరెంటు వచ్చిపోయే చుట్టంలా కాదు, పోయి పోయి ఎప్పుడైనా వచ్చే చుట్టంలా ఉండేది. లెక్కల సాఫ్ట్‌వేరు కొనాలంటే ట్యుటోరియల్‌నే అమ్మాలి. దొంగ సీడీ తెస్తానని ఆటో ధనరాజు ముందుకొస్తే, “దొంగ సీడీ ఎట్టి పిల్లలకి నిజం సెప్పమంతావేట్రా,” అని మేష్టారు వెనక్కి పంపారు. అప్పుడు యమున లినక్స్ అంది, ఉబుంటు అంది, డబ్బక్కర్లేని ఆ సాఫ్ట్‌వేరు కంప్యూటర్లు ఇచ్చినవాళ్ళే ఎక్కించి పంపారంది. మానిటర్ల వెనక అంత ఉబ్బు ఉంటుంది కాబట్టే ఆ పేరు పెట్టారని ధనరాజు స్టాండులో అందరికీ చెప్పాడు. నెట్ సెంటర్లో కూచుని, లెక్కలు చేసే మాక్సిమాని పెన్‌డ్రైవులోకి దింపుకుని, ఇక్కడికొచ్చి ఎక్కించింది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఒక్క చుక్కైనా పడకపోతే కీబోర్డు పోయిందని అందరూ దానికి సంతాపం తెలిపారు. పోలేదు, గుట్టుగా వింటోంది అని యమున చెప్పాల్సి వచ్చింది.

“దీని లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు మేష్టారూ. రాసినవాళ్ళు ఏదీ దాచుకోలేదు,” అని ఆ రోజు చెప్పింది.

“అంటే స్టెప్పులు సూపించే సాఫ్ట్‌వేరన్నమాట,” అన్నారు మేష్టారు. స్టెప్పులకి మార్కులేసే మనిషి. ఆ ఒక్క గుణం నచ్చే పందెందాకా వచ్చారు.

ఈ మేష్టారికి అరసవల్లిలో ప్లస్ సీ మేష్టారని పేరు. సమాకలనం చేశాక చివర స్థిరాంకం, అంటే ప్లస్ సి, పెట్టడం పిల్లలు మరిచిపోతారు, అర మార్కు పోతుంది. అందుకని ఈ హాల్లో ఒక ఆచారం. మేష్టారు ‘ప్లస్’ అని ఆగుతారు, బ్యాచి ‘సీ’ అనాలి. రెండు గదులుండేవి ఆ రోజుల్లో. ఒక గదిలో కూర్మయ్య మేష్టారు, రెండో గదిలో ఆయన బావమరిది, జగ్గమ్మగారి తమ్ముడు త్రినాథ్. ఈ గదిలోంచి ‘ప్లస్’ అని వినపడితే ఆ గది బ్యాచి కూడా పాఠం ఆపి ‘సీ’ అనేది. ఆ కేకకి కోవెల దారిన పోయే యాత్రికులు ఉలిక్కిపడి దణ్ణం పెట్టుకునేవారు. చాక్‌పీసు పొడి, చెమట, పక్క హోటల్లో ఉప్మా పోపు, అన్నీ కలిసిన వాసనొకటి ఉండేది ఆ వరండాలో. ఇప్పటికీ ఉప్మా పోపు తగిలితే నాకు త్రికోణమితి గుర్తొస్తుంది. ఆ పిల్లలే ఇప్పుడు ఆటోలు నడుపుతున్నారు, లాడ్జీలు నడుపుతున్నారు, కొందరు సంసారాలు మాత్రమే నడుపుతున్నారు. మేష్టారు రోడ్డు మీద కనిపిస్తే చాలు, ఆటో స్లో చేస్తారు. ఆయన “ప్లస్” అంటారు. వాళ్ళు “సీ” అని గేరు మారుస్తారు.

“ఇంటరు తప్పినాను గాని సీ తప్పలేదు మేష్టారూ,” అంటాడు ధనరాజు. అది నిజం.

గోడ మీద బోర్డులో ‘కూర్మయ్య – త్రినాథ్ ట్యుటోరియల్స్’ అని ఉండేది. రెండో పేరు మీద సున్నం వేసి చాలా ఏళ్ళయింది. వాన పడ్డప్పుడల్లా ఆ పేరు మళ్ళీ తేలుతుంది, ఎండ కాయగానే మాయమవుతుంది. జగ్గమ్మగారు వానాకాలం వరండాలో ఎక్కువసేపు కూచునేది అందుకేనని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

సరే, హాల్లోకి వద్దాం. యమున అందరూ రాకముందే మొదటి కంప్యూటరు వేసి, మాక్సిమా తెరిచి సిద్ధంగా పెట్టింది. ముందే తెరిచిపెట్టడానికి ఆమె కారణం ఆమెకుంది. ఫోను పక్కనే బల్ల మీద బోర్లించి పెట్టింది. దానికీ ఉంది. వెనకవాళ్ళకి తెర కనపడదు గనక చదివి వినిపించే పని ధనరాజు తీసుకున్నాడు.

“ముందు ఒకటి మీరే కొట్టండి మేష్టారూ,” అంది.

మేష్టారు కళ్ళజోడు సవరించుకుని, చూపుడు వేలితో కోడి గింజలేరుకున్నట్టు ఏరి ఏరి, ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు కొట్టారు. ఎంటర్ నొక్కారు. ఏమీ రాలేదు.

“పలకదేటి?”

“చివర్న సెమికోలన్ పెట్టండి. పెట్టకపోతే మీరింకా చెబుతున్నారనుకుని వింటూ కూచుంటుంది.”

“మంచిదే. మన బ్యాచీల్లో నాను మొదలెట్టకముందే వినడం ఆపేస్తారు.” సెమికోలన్ పడింది.

“ఐదు బై ఆరు,” అని చదివాడు ధనరాజు.

మేష్టారి మొహంలో చిన్న వెలుగు. “పాయింటు ఎనిమిది మూడు మూడు మూడు అని నత్తి కొట్టలేదు. బిన్నాన్ని బిన్నంగానే ఉంచినాది. పెంపకం మంచిదే.” ఆ ఊపులో రెండు ఎక్స్ ప్లస్ మూడు ఎక్స్ కొట్టారు, సెమికోలన్ కూడా పెట్టారు. ఈసారి తెర మీద ఒక తిట్టు లాంటి వరస వచ్చింది.

“ఏటంతాది?”

“రెండుకీ ఎక్స్‌కీ మధ్య నక్షత్రం గుర్తు పెట్టాలండీ,” అంది యమున. “అక్కడ గుణకారం ఉందని దానికి మనమే చెప్పాలి.”

“నా సర్వీసంతా రెండూ ఎక్సూ పక్కపక్కన కూకుంటే గుణకారమే. మద్దెన మనిషెందుకు?”

వెనక వరసలోంచి జగ్గమ్మగారు అందుకున్నారు. “గుణాలు కుదరాలంటే నచ్చత్రం సూడరేటండీ? మన పెళ్ళికి సూసినారు గదా.”

“సూసినారు. అందుకే దీనికి వద్దంతన్నాను.”

హాలంతా నవ్వింది. మాక్సీల ఆలస్యానికి విసుక్కుంటున్న వాళ్ళు కూడా నవ్వారు. యమున మాత్రం నవ్వలేకపోయింది. మేష్టారు సుద్దముక్క తీసుకున్నారు.

ముందు రోజు ఆయన మాటల్లో మాటగా, “సమాకలనం సేస్తే మీ మిషను సివర్న సీ ఎడతాదేటి?” అని అడిగారు. అబద్ధం చెప్పడం రాని పిల్ల, పెట్టదండీ అని చెప్పేసింది. అప్పుడే ఆమెకి అర్థమైంది, లెక్క ఎక్కడ పడుతుందో. మాక్సిమా ఎంత గొప్ప సమాకలనమైనా చేసిస్తుంది, ఆ చివరి స్థిరాంకం మాత్రం మనకే వదిలేస్తుంది. ప్లస్ సీ మేష్టారి హాల్లో ప్లస్ సి పెట్టని మిషను.

మేష్టారు బోర్డు మీద పాములాంటి సమాకలనం గుర్తు దించి, పక్కన సైన్ ఎక్స్, కాస్ ఎక్స్, డీఎక్స్ అని రాశారు. తనదైన దారిలో సైన్‌ని టీ అనుకుని, మూడు స్టెప్పుల్లో దిగిపోయారు. సైన్ స్క్వేర్ ఎక్స్ బై రెండు. అక్కడ ఆగారు.

“ప్లస్,” అన్నారు.

“సీ,” అంది హాలు. ఆడవాళ్ళు కూడా అన్నారు. ఆ వీధిలో కాపురం చేసినందుకు ఆ ఒక్క అక్షరం అందరికీ వచ్చు.

యమున కొట్టింది. ఇంటిగ్రేట్, బ్రాకెట్లో సైన్ ఎక్స్ నక్షత్రం కాస్ ఎక్స్, కామా ఎక్స్, సెమికోలన్. వేలు ఎంటర్ మీద కాసేపు ఆగింది. నొక్కింది.

ధనరాజు ముందుకి వంగి చూశాడు. ఇంకా వంగాడు. “మేష్టారూ, మైనస్సంతాది.”

“ఏటీ?”

“మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ బై రెండు. సైను లేదు. సీ అసలికే లేదు.”

హాల్లో నవ్వు లేచింది. తన కొడుకుని ఏ బ్యాచీలో చేర్చాలో తేల్చుకోడానికి వచ్చిన సోములు లేచి నిలబడ్డాడు. “మేష్టారు సైనంటే ఇదేటమ్మా మైనస్ కొసైనంతాది? సీ మర్సిపోతే అర మార్కే. ఇది సున్నా. పంపీయండి మేష్టారూ కొట్టుకి.” సమాకలనం కాస్తా సమాకలహం అయ్యేలా ఉంది. యమున తెర వైపే చూస్తోంది. ఆ జవాబు తప్పు కాదని ఆమెకి తెలుసు. నవ్వుతున్న ఊరికి అది ఎక్కణ్ణుంచి మొదలెట్టి చెప్పాలో తెలియడం లేదు.

మేష్టారు నవ్వలేదు. ఆయన డస్టరు అందుకున్నారు. అందరూ పందెం అయిపోయిందనుకున్నారు. డస్టరు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

ఆ చెయ్యి ఎందుకు ఆగిందో ఆ హాల్లో తెలిసింది జగ్గమ్మగారికి ఒక్కరికే. ఇదే బోర్డు మీద, ఇదే లెక్క, ఒకప్పుడు త్రినాథ్ చేశాడు. బావ సైన్ వైపు నుంచి వస్తే తాను కొసైన్ వైపు నుంచి వచ్చాడు. మైనస్ కాస్ స్క్వేర్ బై రెండు, ప్లస్ సి. రెండు బ్యాచీలూ కలిసి కూచున్న రోజది. పిల్లలకి రెండు దార్లు చూపిస్తే పరీక్షలో తికమక పడతారని కూర్మయ్య మేష్టారు, ఒక్క దారే చూపిస్తే లెక్కంటే భయపడతారని త్రినాథ్. మాట మీద మాట పెరిగింది. “ఈ హాల్లో ఒకటే దారి,” అని మేష్టారు డస్టరు తీసుకుని పిల్లలందరి ముందూ బావమరిది జవాబు తుడిచేశారు. త్రినాథ్ చేతులకంటిన సుద్ద దులుపుకుని, అక్క ఇంట్లో పొయ్యి మీద పెట్టిన అన్నం దిగకముందే వెళ్ళిపోయాడు. కొసైన్ వచ్చి కుటుంబాన్ని కొసకి తెచ్చిందని అప్పట్లో నేనే ఎక్కడో అన్నాను. ఆ మాటకి జగ్గమ్మగారు నవ్వకపోవడం చూశాక మళ్ళీ అనలేదు.

మేష్టారు డస్టరు కింద పెట్టారు. సుద్దముక్క తీసి, బోర్డు మీద తన జవాబు పక్కన మిషను జవాబు రాశారు. మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ బై రెండు. దాని చివర, కొంచెం పెద్ద అక్షరంతో, ప్లస్ సి పెట్టారు.

“సీ ఎట్టడం మర్సిపోనాది. అంతే,” అన్నారు. “జవాబు తప్పు కాదు.”

సోములు కూచోలేదు. “రెండు జవాబులూ రైటే అంతారేటి మేష్టారూ?”

మేష్టారు యమున వైపు చూశారు. “నువ్వు సెప్పు.”

యమున కీబోర్డు దగ్గరికి జరిగింది. “రెండు జవాబులు తేడాగా వస్తే దెబ్బలాడకండి, ఒకదాన్లోంచి ఒకటి తీసి సూడండి అని మీరే చెప్పేవారు,” అని, మేష్టారి జవాబులోంచి మిషను జవాబు తీసెయ్యమని కొట్టింది. ముందు ట్రిగ్‌సింప్ అని ఒక మాట చేర్చింది, త్రికోణమితిని వీలైనంత కుదించమని.

“అర వస్తాది. కొట్టమ్మా,” అన్నారు మేష్టారు, తెర వైపు చూడకుండానే.

ఎంటర్. “ఒకటి బై రెండు,” అని చదివాడు ధనరాజు. తర్వాత తల తిప్పి చూశాడు. “మీకెలా తెలుసు?”

“ఆ రోజే తీసి సూసినాను. అన్నం దగ్గర కూకుని, పీట మీద వేలితో.” వెనక వరసలో జగ్గమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ ఒకే కంచం ముందు కూచుని, ఆయన మింగింది ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది.

“మా ఊరి పడవనుకోండి,” అంది యమున సోములు వైపు తిరిగి. “ఒకాయన ఒడ్డునుంచి కొలుస్తాడు. ఇంకొకాయన ఇంకాస్త వెనక, లైట్‌హౌస్ దగ్గర్నుంచి కొలుస్తాడు. ఇద్దరి అంకెలూ వేరే. పొద్దున్నించీ పడవ ఎంత నడిచిందంటే మాత్రం ఇద్దరూ ఒకటే చెప్తారు. ఎక్కడ నిలబడి కొలిచారన్నదే తేడా. ఆ తేడా ఎప్పటికీ మారదు. అదే సీ. ఇక్కడ అది అర.”

“మీ ఊరికి ఎప్పుడూ ప్లస్ సీయేలే,” అన్నాడు ధనరాజు. సోములు కూచున్నాడు. కూచుంటూ, “అయితే మావోడిని సోమారం పంపిస్తాను,” అన్నాడు.

మేష్టారు తల ఊపారు. “పందెం అయిపోనాది. కంప్యూటర్లుంతాయి. ఇశాకపట్నం బస్సు ఖాళీగా పోతాది.”

యమున ఏదో అనబోయింది. అంతలో వెనకనుంచి సంచి ఆవిడ లేచింది. “లెక్కలు బానే ఉన్నాయి గాని, మాక్సీలెప్పుడిస్తారమ్మా?”

“ఏ మాక్సీలండీ?”

“జగ్గమ్మగారు సెప్పినారు. ఫిరీ అంట, మెత్తగా ఉంతాయంట.”

యమున జగ్గమ్మగారి వైపు చూసింది, జగ్గమ్మగారు గోడ వైపు చూశారు. మొత్తం విషయం తేలడానికి కొంచెంసేపు పట్టింది. మాక్సిమా అంటే ఈ లెక్కల మిషను పేరనీ, ఫ్రీ అంటే ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు అనీ, సాఫ్ట్‌వేర్ ఎంత సాఫ్ట్ అయినా వేసుకోడానికి పనికిరాదనీ యమున అందరికీ ఓపిగ్గా చెప్పింది. నవ్వులకి పెంకులు కదిలాయి.

“ఒంటి మీదకి రాని సాఫ్ట్‌వేరెందుకే,” అన్నారు జగ్గమ్మగారు. “గోడవతల అలా రహస్యంగా గుసగుసలాడితే నాకలాగే ఇనపడతాది. ఎవురితో మాటాడినావు ఆ రోజు?”

యమున మాట మార్చే తొందరలో, పని అయిపోయింది కదా అన్న అలవాటులో, క్విట్ అని కొట్టి మాక్సిమా మూసేసింది. మూశాక గుర్తొచ్చింది. తెరిచి ఎందుకు పెట్టిందో.

లినక్స్‌లో టెర్మినల్ అని ఒక నల్ల కిటికీ ఉంటుంది. లోపలి పని ఆగిపోగానే అది తన వరస చూపిస్తుంది. ఆ వరస మొదట్లో ఆ కంప్యూటరు ఎవరి పేర సిద్ధం చేశారో ఆ పేరు, పక్కన కంప్యూటరు పేరు ఉంటాయి. ధనరాజు అలవాటు కొద్దీ పైకి చదివేశాడు.

“త్రినాథ్ ఎట్ కొత్తవలస.”

జగ్గమ్మగారు బెంచీ పట్టుకుని లేచారు. మేష్టారు తెర దగ్గరికి వంగి, ఒక్కో ఇంగ్లీషు అక్షరం మీదా వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నారు. సున్నం లేదు, వాన లేదు, పేరు మాత్రం తేలింది.

“ఇచ్చినోడు ఆడేనా?” అన్నారు.

“అవునండీ. పేరు చెబితే మీరు తీసుకోరని చెప్పొద్దన్నారు.”

“ఆ రోజు ఫోన్లో సెప్పినాదీ ఆడికేనా?”

యమున బల్ల మీద బోర్లించిన ఫోను నెమ్మదిగా తిప్పింది. తెర వెలుగుతోంది. “ఇప్పుడు కూడా లైన్లోనే ఉన్నారు మేష్టారూ. మొదట్నించీ వింటున్నారు.”

ఫోనులోంచి ఎక్కడో దూరంగా రైలు కూత, ఆ తర్వాత ఒక మనిషి ఊపిరి. మేష్టారు ఫోను అందుకున్నారు. పట్టుకున్న చేతికి ఇంకా సుద్ద ఉంది. ఏదో పెద్ద మాట అంటారని జగ్గమ్మగారు ఎదురుచూశారు. ఆయన గొంతు సవరించుకుని ఒక్క మాటే అన్నారు.

“ప్లస్.”

అక్కడ ఆగారు. హాలంతా నోట్లో ఉన్న అక్షరాన్ని నోట్లోనే ఆపుకుంది. ఈసారి అది చెప్పాల్సింది వాళ్ళు కాదు.